రాత్రి చెమ్మ, పగలు పొడి: పెంపుడు ఊసరవెల్లికి తేమ సంగతి

(ఊసరవెల్లులు పెంచేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతా మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఒకటే మాట అన్నారు. "ఎంత శాతం తేమ ఉండాలో చెప్పండి, అది చాలు" అని. ఎంత శాతం ఉండాలి? మీలో చాలామంది ఈ ప్రశ్నతోనే వచ్చి ఉంటారు. నేనూ కొన్నేళ్ళ పాటు ఈ ప్రశ్నే పట్టుకుని తిరిగాను. ఒకరు 50 అన్నారు. ఇంకొకరు 60కి తగ్గకూడదన్నారు. మరొకరు 70 ఉంటేనే బతుకుతుందన్నారు. ఎక్కువుంటే మంచిదే కదా అని నేను 70 పట్టుకున్నాను. ఆ 70 పట్టుకోవడం వల్ల నా మొదటి ఊసరవెల్లి పోయింది. అందుకని ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాత శాతాల దగ్గరికి వస్తాను.

అది వెయిల్డ్ కమీలియన్ అనే జాతి ఊసరవెల్లి. నాలుగు నెలల పిల్ల. గాజు పెట్టెలో పెట్టాను. తేమ కొలిచే మీటర్ 70 కంటే కిందికి దిగిందంటే నాకు టెన్షన్. వెంటనే స్ప్రే బాటిల్ తీసుకుని కొట్టేవాణ్ణి. పొద్దున కొట్టేవాణ్ణి, పదింటికి కొట్టేవాణ్ణి, మధ్యాహ్నం కొట్టేవాణ్ణి, పడుకునే ముందు మళ్ళీ కొట్టేవాణ్ణి. ఆకులు ఎప్పుడు చూసినా తడే. మీటర్ ఎప్పుడు చూసినా 70, 75. ఎంత బాగా చూసుకుంటున్నానో అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం చూస్తే కొమ్మ మీద తల పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉంది. ఊసరవెల్లి పగటిపూట కళ్ళు మూసుకుని కూర్చుందంటే ఒంట్లో బాగాలేదని అర్థం. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు, కునుకు తీస్తోందనుకున్నాను. మూడో రోజు దగ్గరగా చెవి పెట్టి వింటే, ఊపిరి తీసినప్పుడల్లా చిన్నగా టిక్, టిక్ అని చప్పుడు. నోటి మూల ఒక బుడగ. ఆవగింజంత బుడగ. సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులు మొదలుపెట్టారు, చేయగలిగినదంతా చేశారు. నేనే ఆలస్యంగా తీసుకెళ్ళాను. పదకొండో రోజు పోయింది.

ఆ పదకొండు రోజులూ మీటర్ 70 చూపిస్తూనే ఉంది.

మరి తప్పెక్కడ జరిగింది? అది తెలుసుకోవడానికే చాలా కాలం పట్టింది నాకు. వెయిల్డ్ కమీలియన్ సొంత నేల యెమెన్, దాని పక్కనే సౌదీ అరేబియా నైరుతి మూల. ఆ పేర్లు వినగానే ఇసుక గుర్తొస్తుంది. కానీ ఇవి ఉండేది చెట్లూ పొదలూ ఉన్న కొండవాలుల్లో, లోయల్లో. పగలు ఎండ, గాలి. రాత్రి చల్లబడుతుంది, చెమ్మ దిగుతుంది. పాంథర్ కమీలియన్‌ది మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరం. వానలు దండిగా పడే చోటు. అయినా అక్కడ కూడా వాన వెలిశాక గాలి వీస్తుంది, ఆకు ఆరుతుంది. మగవాటికి ముక్కు మీద మూడు కొమ్ములుంటాయి చూడండి, జాక్సన్స్ కమీలియన్, అది కెన్యా, టాంజానియా కొండల్లోది. అక్కడ రాత్రి చలి. అంతెందుకు, ఆఫ్రికాలో నమీబ్ ఎడారిలో కూడా ఒక ఊసరవెల్లి ఉంది, నమాక్వా కమీలియన్ అంటారు. వాన ఎప్పుడో గాని పడని ఆ నేల మీదికి సముద్రం వైపు నుంచి పొగమంచు వస్తుంది.

ఊసరవెల్లి జాతులు 200 పైనే ఉన్నాయి. అందులో సగం దాకా ఒక్క మడగాస్కర్‌వే. అన్నిటికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది చెప్పండి? అంకె సరిపోదు. కానీ మనం ఇళ్ళలో పెంచేవాటన్నిటికీ ఒక వరస మాత్రం సరిపోతుంది. రాత్రి చల్లగా, చెమ్మగా ఉండాలి. తెల్లవారాక మెల్లగా ఆరాలి. మళ్ళీ చెబుతున్నాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. రాత్రి చెమ్మ, పగలు పొడి. నేను ఆ పిల్లకి ఇవ్వనిది ఆ ఆరుదలే. ఇరవై నాలుగు గంటలూ తడి గుడ్డ కప్పినట్టు ఉంచాను.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, రెండే అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

శాతం అంటున్నాం కదా, దేనిలో శాతం? గాలిలో పట్టగలిగినంత ఆవిరిలో ఇప్పుడు ఎంత ఉంది అన్నదే ఆ శాతం. ఆ పట్టగలిగినంత అనేది వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి పడుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు పడుతుంది. 20కి 17, 30కి 30. అంతే.

ఇప్పుడు చూడండి. పగలు కేజ్‌లో 30 డిగ్రీలుంది, మీటర్ 40 శాతం చూపిస్తోంది. 30 గ్రాముల్లో 40 శాతం ఎంత? 12 గ్రాములు. రాత్రి లైట్లు ఆరిపోయాయి, గది 20 డిగ్రీలకి చల్లబడింది. మీరు ఒక్క చుక్క నీళ్ళు కలపలేదు. గాలిలో ఆ 12 గ్రాములే ఉన్నాయి. కానీ ఇప్పుడు 17లో 12. అంటే 70 శాతం. నీళ్ళు అవే, పాత్ర చిన్నదయింది. మీటర్ మాత్రం 40 నుంచి 70కి ఎక్కింది.

తిరగేసి చూద్దాం. తెల్లవారుజామున 20 డిగ్రీలు, 100 శాతం, ఆకుల మీద మంచు. 17 గ్రాములు. లైటు వెలిగింది, 30 డిగ్రీలయింది. ఆ 17 గ్రాములే ఇప్పుడు 30లో. 57 శాతం. మీటర్ వందనుంచి యాభై ఏడుకి పడిపోయింది. తేమ ఎక్కడికీ పోలేదు, ఆ గాలిలోనే ఉంది! కానీ మనం ఏం చేస్తాం? అమ్మో పడిపోయింది అని స్ప్రే బాటిల్ అందుకుంటాం. అవునా కాదా?

ఇంకొక్క మెట్టు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం అంటే 21 గ్రాములు. అంటే 20 డిగ్రీల దగ్గర పొగమంచు పట్టి వంద శాతం ఉన్నప్పటి కంటే ఎక్కువ ఆవిరి. వేడి, దాని మీద తేమ. దీన్ని మనం ఏమంటాం? ఉక్కపోత అంటాం. వాన రాబోయే ముందు గాలి స్తంభించిపోయినప్పుడు మనకి ఊపిరి సలపదు చూడండి, ఆ గాలి. నేను ఆ పిల్లకి రెండు నెలలు పీల్చడానికి ఇచ్చింది ఆ గాలి. రాత్రి 90 శాతం మేలు చేస్తుంది, పగలు 70 శాతం కీడు చేస్తుంది. శాతం ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. పక్కన డిగ్రీలు కూడా చూడాలి. ఎవరైనా తేమ ఇంత ఉండాలి అని చెబితే, ఎన్ని డిగ్రీల దగ్గర, ఏ వేళప్పుడు అని అడగండి. చెప్పలేకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

ఊపిరితిత్తుల మాట ఎత్తాను కాబట్టి ఒక సంగతి. మనకి ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అనే కండరం ఉంటుంది. గొంతులో కఫం పడితే గట్టిగా దగ్గి బయటికి నెట్టేస్తాం. ఊసరవెల్లికి ఆ కండరం లేదు, మనలాగా దగ్గలేదు. పైగా దాని ఊపిరితిత్తుల చివర్లు వేళ్ళలాంటి సంచులుగా లోపలికి సాగి ఉంటాయి. అందులో చీము, నీరు చేరితే బయటికి రావడం కష్టం. అందుకే తల పైకెత్తి, నోరు తెరిచి, ఊపిరి కోసం అవస్థ పడుతుంది. వేడిగా ఉన్నప్పుడు, కేజ్‌లో వెచ్చదనం కోసం పెట్టే దీపం కింద నోరు తెరిస్తే అది వేరు, పక్కకి జరగగానే మూసేస్తుంది. చల్లటి చోట కూర్చుని కూడా నోరు తెరిచి ఉందంటే, చప్పుడు వినిపిస్తోందంటే, రేపు చూద్దాం అనుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ ఒక్క మాట కోసమైనా నేను ఇక్కడికి రావాలనుకున్నాను.

పొడి చేసే కీడు

ఇంతసేపూ తేమ ఎక్కువైతే ఏమవుతుందో చెప్పాను. అది విని ఇంటికెళ్ళి నీళ్ళు మానేసేవాళ్ళుంటారు. వద్దు. రెండో తప్పు మొదటిదానికంటే నెమ్మదిగా చంపుతుంది, అంతే తేడా.

ఊసరవెల్లికి గిన్నెలో నీళ్ళు పెడితే చాలావరకు తాగదు. నిలిచి ఉన్న నీటిని అది చాలావరకు పట్టించుకోదు. ఆకు మీద మెరిసే చుక్క, కొమ్మ మీంచి జారే చుక్క, అదే దానికి నీరు. నీళ్ళు సరిగా అందకపోతే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. ఇవి మనలాగా నీళ్ళతో మూత్రం పోయవు. యూరిక్ యాసిడ్ అనే వ్యర్థాన్ని ముద్దగా రెట్టతో పాటు వదులుతాయి. ఒంట్లో నీరు తగ్గితే అది లోపలే పేరుకుంటుంది. కీళ్ళలో చేరితే వాతం, మూత్రపిండాల్లో చేరితే ఇక చెప్పేదేముంది.

అందుకే నేను ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు రెట్ట చూపించమంటాను. కొంతమంది మొహమాటపడతారు. మొహమాటం ఎందుకు? డాక్టరు కూడా అదే చూస్తారు. రెట్టలో నల్లటి భాగం ఒకటి, దానికి అంటుకుని తెల్లటి ముద్ద ఒకటి ఉంటాయి. ఆ తెల్లది యూరేట్. అది తెల్లగా, మెత్తగా ఉంటే నీరు బాగా అందుతోంది. ఒక చివర కాస్త పసుపు తగిలితే కంగారు పడక్కర్లేదు. మొత్తం నారింజ రంగులో, గట్టిగా, సుద్దముక్కలా వేలితో నొక్కితే విరిగేలా ఉందంటే దానికి దాహంగా ఉంది. కళ్ళు కూడా చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కంటి బురుజు గుండ్రంగా, నిండుగా బయటికి ఉంటుంది. నీరు తగ్గితే లోపలికి గుంట పడుతుంది. కళ్ళు గుంట పడ్డాయంటే ఎన్నాళ్ళనుంచో జరుగుతోందని అర్థం. రెట్ట ముందే చెబుతుంది. కుబుసం కూడా చెబుతుంది. తెల్లగా పొరలు లేచి ఒకటి రెండు రోజుల్లో రాలిపోవాలి. వేళ్ళ దగ్గర, తోక చివర పొర బిగుసుకుపోయి ఉండిపోతే తేమ చాలడం లేదన్నమాట. దాన్ని చేత్తో లాగకండి.

చిన్నపిల్లలు పెద్దవాటికంటే తొందరగా ఎండిపోతాయి. ఒళ్ళు చిన్నది, గాలి తగిలే చర్మం ఆ ఒంటికి ఎక్కువ. పెద్ద ఊసరవెల్లి ఒక పూట నీళ్ళు తప్పినా తట్టుకుంటుంది, పిల్ల తట్టుకోలేదు.

తాగడం ఎప్పుడైనా ఓపిగ్గా కూర్చుని చూశారా? చూసినవాళ్ళు చేతులెత్తండి. తక్కువ మందే ఉన్నారు. చూడండి, తప్పకుండా చూడండి. నీళ్ళు పడటం మొదలవగానే చాలావరకు అది తాగదు. ముందు బిగుసుకుంటుంది. ఒక కన్ను మీ వైపు, ఒక కన్ను ఆకు వైపు. నిమిషం గడుస్తుంది. కళ్ళు గుండ్రంగా తిప్పుతుంది, ఉబ్బించి మూసి తెరుస్తుంది. కళ్ళు కడుక్కుంటోందన్నమాట. ఆ తర్వాత ఒక్కో అడుగూ ఊగుతూ ఆకు దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనించి, దవడలు మెల్లగా ఆడిస్తుంది. గొంతు కింద చర్మం కదులుతుంది. ఈ లోపల ఎంతసేపయింది? మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. మనం ఏం చేస్తాం? బాటిల్‌తో పది సార్లు పిచికారీ చేసి, ఆకులు తడిశాయి కదా అని వెళ్ళిపోతాం. అది తాగుదామని అనుకునేసరికి చుక్కలు జారిపోయి ఉంటాయి. రోజుకి ఎనిమిది సార్లు అరనిమిషం కొట్టేకంటే, పొద్దున లైటు వెలిగే ముందు ఒకసారి, సాయంత్రం లైటు ఆరాక ఒకసారి, రెండు నుంచి ఐదు నిమిషాలు సన్నగా కొట్టడం ఎంతో మేలు. మధ్యలో కావాలంటే ఒక డ్రిప్పర్ పెట్టండి. ఒక ఆకు మీద చుక్క చుక్కగా పడేలా, అరగంట చాలు. దాహం వేస్తే వచ్చి తాగుతుంది. గాలినంతా తడపకుండానే నీళ్ళు ఇచ్చినట్టయింది.

రాత్రి పొగమంచు

ఫాగర్, అంటే నీటిని పొగమంచులా చేసి వదిలే యంత్రం, దాని గురించి చాలామంది అడిగారు. ఫాగర్ మంచి పరికరం. రాత్రి వాడితే మంచి పరికరం. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా, ఆపి ఆపి నడిపితే కేజ్‌లో 90, 100 శాతం వస్తుంది. నిద్రలో పీల్చే ప్రతి ఊపిరితోనూ ఒంట్లోంచి పోయే నీరు తగ్గుతుంది. అడవిలో జరిగేది అదే. మా ఇంట్లో ఇప్పుడున్న పాంథర్‌కి నేను ఇలా మొదలుపెట్టాక పగలు తాగడం సగానికి తగ్గింది. మొదట భయపడ్డాను. రెట్ట చూస్తే తెల్లగా ఉంది. దానికి అవసరం తగ్గింది, అందుకే తాగడం లేదు.

కానీ ఇక్కడ రెండు షరతులున్నాయి, రెండూ గట్టివే. ఒకటి, చల్లగా ఉండాలి. రాత్రి 20 డిగ్రీల దగ్గరికి, ఇంకా కిందికి దిగుతుంటే ఫాగర్ నడపండి. మీ గది రాత్రంతా 26, 27 దగ్గరే ఉంటే ఫాగర్ వద్దు. అప్పుడు తయారయ్యేది పొగమంచు కాదు, ఇందాక చెప్పిన ఉక్కపోత. అలాంటి గదిలో సాయంత్రం, తెల్లవారుజామున నీళ్ళు కొట్టి, గాలి ఆడనిస్తే చాలు.

రెండు, శుభ్రం. ఫాగర్ నీటిని సన్నటి తుంపరగా చేసి గాలిలోకి పంపుతుంది. ఆ నీటిలో ఏముంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ట్యాంకులో జిగట పొర పట్టిందా? ఆ జిగట కూడా వెళ్తుంది. వారానికి ఒకసారైనా ట్యాంకు, పైపు విప్పి కడగండి, ఎండబెట్టండి. డిస్టిల్డ్ నీళ్ళు గాని, ఆర్వో నీళ్ళు గాని పోయండి. కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువుంటే ఆకుల మీద తెల్ల మచ్చలు పడతాయి, మిస్టింగ్ నాజిల్, అంటే నీళ్ళు సన్నగా చిమ్మే గొట్టం మూతి, పూడుకుపోతుంది. మీ ఫాగర్ లోపల చివరిసారి ఎప్పుడు చూశారు? ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి చూడండి.

కేజ్ మాట త్వరగా ముగిస్తాను. అన్ని వైపులా మెష్, అంటే జాలీ, ఉంటే కొట్టిన తేమ పది నిమిషాల్లో గదిలో కలిసిపోతుంది. ఏసీ నడిచే గదిలో, హీటర్ నడిచే గదిలో మరీ తొందరగా. అలాంటి చోట వెనక, పక్కల మూడు వైపులు ప్లాస్టిక్ షీటు కట్టేయండి, ముందు, పైన వదిలేయండి. గాజు పెట్టె ఐతే తేమ నిలుస్తుంది, కానీ గాలి ఆడే దారి తప్పకుండా ఉండాలి. కింద ఒక వైపు, పైన మెష్ ఉంటే వేడి గాలి పైకి పోతూ కొత్త గాలిని లాక్కుంటుంది. బతికున్న మొక్కలు పెట్టండి. మనీప్లాంట్, మందార. ఆకులు తేమని వదులుతాయి, చుక్కల్ని పట్టుకుంటాయి, దాక్కోవడానికి చోటిస్తాయి. వెయిల్డ్ ఐతే మందార ఆకులు, పూలు కొరికి తింటుంది కూడా, కాబట్టి మందు కొట్టని మొక్క తెచ్చుకోండి. కింద నీళ్ళు నిలవకూడదు. పారిపోయేలా కింద ట్రే పెట్టండి, రోజూ పారబోయండి. కేజ్ తలుపు తీయగానే ముక్కవాసన వస్తోందంటే అది ఆరడం లేదు.

ఇక మీటర్. నాకు ఇష్టమైన భాగం ఇది, ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

తేమని కొలవడం పాత విద్యే. 1783లో సోస్యూర్ అనే జెనీవా శాస్త్రవేత్త మనిషి తలవెంట్రుకతో హైగ్రోమీటర్ చేసిన సంగతి రాశాడు. తడి గాలిలో వెంట్రుక కాస్త సాగుతుంది, పొడి గాలిలో పొట్టిదవుతుంది. ఆ కదలికతో ముల్లు తిరుగుతుంది. ఈనాటి చవక గుండ్రటి మీటర్లలో వెంట్రుక బదులు స్ప్రింగులాంటి చిన్న చుట్ట ఉంటుంది. అది తొందరగా గతి తప్పుతుంది. ఒకే గదిలో మూడు పెడితే మూడు మూడు రకాలుగా చూపిస్తాయి. డిజిటల్‌ది, వైరు చివర సెన్సర్ ఉన్నది తీసుకోండి. అది కూడా నిజం చెబుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

వానాకాలంలో ఉప్పు డబ్బా తెరిస్తే ఉప్పు చెమ్మగిల్లి ముద్దగా ఉంటుంది కదా? ఎందుకలా? గాలిలో తేమ 75 శాతం దాటగానే ఉప్పు ఆవిరిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. ఈ గుణాన్నే మనం వాడుకుంటాం. ఒక సీసా మూతలో ఉప్పు పోయండి. నాలుగైదు చుక్కల నీళ్ళు వేసి తడి ఇసుకలా చేయండి, కరిగిపోకూడదు. ఆ మూతను, మీ మీటర్‌ను ఒక జిప్ కవర్లో పెట్టి గాలి చొరబడకుండా మూయండి. ఒక రాత్రంతా గదిలో కదపకుండా ఉంచండి. పొద్దున కవర్ తెరవకుండానే బయటినుంచి చూడండి. తడి ఉప్పు కవర్లో గాలిని ఆ 75 దగ్గరే నిలబెడుతుంది కాబట్టి 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ ఏడు తక్కువ చెబుతోంది, ఒక కాగితం మీద "ఏడు కలపాలి" అని రాసి దాని వెనక అంటించండి. నా మొదటి మీటర్‌ను చాలా ఏళ్ళ తర్వాత ఇలా పరీక్షించాను. 75 ఉన్న చోట 64 చూపించింది. అంటే నేను 70 అనుకుని పోరాడిన రోజుల్లో లోపల 80 దాకా ఉండి ఉంటుంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మీటర్ పెట్టే చోటు కూడా ముఖ్యమే. దీపం కింద పెడితే తక్కువ చూపిస్తుంది, నీళ్ళు పడే చోట పెడితే ఎక్కువ చూపిస్తుంది. ఊసరవెల్లి నిద్రపోయే కొమ్మ ఎత్తులో, ఒక పక్కగా పెట్టండి. అది పీల్చే గాలి మనకి కావాలి, మూలల్లో గాలి కాదు.

సరే, అంకెలు చెప్పకుండా పంపిస్తే మీరు ఊరుకోరు. నేను పాటించేవి చెబుతాను. వెయిల్డ్‌కి పగలు 30 నుంచి 50 శాతం, పాంథర్‌కి పగలు 40 నుంచి 60, జాక్సన్స్‌కి 50కి అటూ ఇటూ, కానీ వేడి తక్కువ ఉండాలి. రాత్రిపూట ఈ మూడు జాతులకీ 80 పైన, చల్లదనం ఉంటేనే. ఇవి దారి చూపే గుర్తులు. నడిచేది మీరు, చెప్పేది మీ కేజ్‌లో ఉన్న ప్రాణి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

"పొద్దున కొట్టిన నీళ్ళు ఎంతసేపట్లో ఆరాలి?" మంచి ప్రశ్న. లైటు వెలిగాక గంట, రెండు గంటల్లో ఆకుల పైభాగం ఆరిపోవాలి. మధ్యాహ్నానికి కూడా ఆకు పట్టుకుంటే వేలికి తడి అంటుతోందంటే నీళ్ళైనా ఎక్కువై ఉండాలి, గాలైనా చాలకపోయి ఉండాలి. ముందు గాలి సంగతి చూడండి, తర్వాత నీళ్ళు తగ్గించండి.

ఇంకొకరు... "వానాకాలంలో గదిలోనే 85 ఉంటుంది, ఏం చేయాలి?" నీళ్ళు కొట్టడం తగ్గించండి, ఫాగర్ ఆపేయండి, కట్టిన ప్లాస్టిక్ షీట్లు విప్పేయండి. గదిలో ఫ్యాను వేయండి, నేరుగా కేజ్ మీదికి కాదు, గోడ వైపు తిప్పి. దీపం కింద గాలి వేడెక్కుతుంది కాబట్టి అక్కడ శాతం తగ్గుతుంది, ఊసరవెల్లి తనే అక్కడికి వెళ్ళి ఒళ్ళు ఆరబెట్టుకుంటుంది. తాగే నీళ్ళు మాత్రం మానకండి. గాలిలో తేమ ఉంది కదా అని డ్రిప్పర్ తీసేసినవాళ్ళున్నారు. గాలి తేమ వేరు, దాహం వేరు.

"నాలుగు రోజులు ఊరెళ్ళాలంటే?" టైమర్ పెట్టిన మిస్టింగ్ ఉంటే మేలు, కానీ టైమర్‌ను నమ్మి తాళం వేసి వెళ్ళకండి. కరెంటు పోయి వస్తే కొన్ని టైమర్లు వేళ తప్పుతాయి. పైపు ఊడితే గదంతా నీళ్ళు, కేజ్ పొడి. రోజుకి ఒకసారైనా మనిషి వచ్చి చూడాలి. వచ్చేవాళ్ళకి మీటర్ చదవడం నేర్పక్కర్లేదు. మూడు విషయాలు చెప్పండి. కళ్ళు తెరిచి ఉందా, రెట్టలో తెల్లది తెల్లగా ఉందా, మధ్యాహ్నానికి ఆకు ఆరిందా. ఫోటో తీసి పంపమనండి.

మరొకటి... అక్కడ, కిటికీ దగ్గర. "మాది ఇప్పుడు పగలు కళ్ళు మూసుకుంటోంది, చప్పుడేమీ లేదు." ఎన్ని రోజులనుంచి? రెండు రోజులా? మీరు ఇక్కడ కూర్చోవద్దు. ఇంటికెళ్ళి ఇవాళే డాక్టరుకి చూపించండి. రెట్ట దొరికితే ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు నా దగ్గరికి రండి, నా ఫోన్ నంబరు ఇస్తాను. మిగతావాళ్ళు కేజ్ ఫోటోలు తెచ్చి ఉంటే ముందు వరసలోకి రండి, ఒక్కొక్కటీ చూద్దాం.